విశాఖ నుంచి మొంబాసాకు ఆరు గీతలు

గంట 4. మిగిలిన దూరం 5,350 కిలోమీటర్లు.

మామూలుగా ఓడ నేల వదిలిన క్షణం నుంచి గంటలు లెక్కపెడతాను. 'తొలకరి' గాలిఓడలో ఆరేళ్లుగా దారి లెక్కలు చూస్తున్నాను, ఒక్కసారి కూడా ఆ పద్ధతి మార్చలేదు. ఈసారి మార్చాను. ఓడలోకి ఎక్కిన ఒక పెట్టెకు మూత పడిన ఘడియ నుంచి ఈ చిట్టాలో గంటలు మొదలు. మూత పడి నాలుగు గంటలైంది. డెబ్బై రెండో గంట దాటితే అందులో ఉన్నది ఎందుకూ పనికిరాదు.

పెట్టె నూకరత్నం గారి ఒళ్లో ఉంది. అరవై ఏళ్ల మనిషి, ఈ ప్రయాణానికి ఆవిడొక్కతే ప్యాసింజరు. పెట్టెను సామాన్ల గదిలో పెట్టిస్తానంటే నావైపు ఒక చూపు చూసింది, మళ్లీ ఆ మాట ఎత్తలేదు నేను. లోపల ఉన్నది మనిషి ఎముకల్లోంచి తీసిన మూలుగ. ఇచ్చినాయన గాజువాకలో వెల్డరు, ఈవిడకు ఏమీ కాడు. పుచ్చుకోవలసింది మొంబాసాలో ఈవిడతో ఒకే ఇంట్లో ఉండే కోడలు కుందన. నెత్తురు జబ్బు.

"ఇక్కడ మూతెయ్యగానే రేడియోలో అటు సెప్పీసినారమ్మా," అందావిడ. "కబురు అందగానే కోడలికి ఆకరి మందు ఎక్కించీసినారు. ఆ మందుకి దాని ఒంట్లో ఉన్న మూలుగంతా సచ్చిపోద్దట. ఇదెల్లి పడితేనే మనిషి. నేకపోతే నేదు."

"గంటకు తొంభై కిలోమీటర్లు పిన్నీ. అరవై గంటల ప్రయాణం. అరవై నాలుగో గంటకల్లా దిగుతాం. ఇంకా ఎనిమిది గంటలు చేతిలోనే ఉంటాయి. హాయిగా పడుకోండి," అన్నాను.

ఆవిడ పడుకోలేదు. "ఎనిమిది," అని మాత్రం ఒకసారి తనలో తాను అనుకుంది.

ఇదే దూరం మా తాతల కాలంలో ఏడు గంటల్లో వెళ్లేవారట. కెప్టెన్ జోయెల్ గారు ప్రతి ప్రయాణంలోనూ ఈ మాట అని నిట్టూరుస్తారు. వెళ్లేవారు, కాదనను. పైన ఉపగ్రహాలు కూర్చుని అడుగడుగునా దారి చెప్పే రోజులవి. సూర్యుడు ఒక్కసారి ఉరిమేసరికి అవన్నీ మూగబోయాయి. ఇప్పుడు దారి చెప్పేది నేనూ, సూర్యుడి ఎత్తు కొలిచే నా సెక్స్టెంటూ, నా గడియారమూ.

గంట 12. మిగిలినది 4,630.

మొదటి భోజనం అయింది. ముద్దపప్పు, గోంగూర, మజ్జిగ మిరపకాయలు. అసిరయ్య చేతి వంట గురించి వంక పెట్టడానికి ఏమీ దొరకదు, దొరికితే నేను ఊరుకునేదాన్ని కాదు.

ఓడలో గడియారాలు రెండు. ఒకటి నాది. దూదిలో పెట్టి చెక్కపెట్టెలో దాచింది. ఎప్పుడూ విశాఖ టైమే చూపించాలి, దాని ముల్లు ఎవరూ ముట్టుకోకూడదు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చినప్పుడు విశాఖలో ఎంతయిందో ఈ గడియారం చెబుతుంది. ఆ తేడానే మేము పడమటికి వచ్చిన దూరం. ఒక్క నిమిషం తేడాకు ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. దీనికి జోడీ ఒకటి ఉండాలి. అది మొంబాసాలో రిపేరుకిచ్చి నాలుగు నెలలు, ఇంకా రాలేదు.

రెండోది వంటింటి గడియారం. పడమటికి వెళ్లేకొద్దీ పొద్దు ఆలస్యమవుతుంది కాబట్టి, పూటపూటకూ భోజనం గంట కొట్టగానే అసిరయ్య దాని ముల్లు అరగంట వెనక్కి తిప్పుతాడు. ఆరు పూటలు, ఆరు తిప్పులు. మొత్తం మూడు గంటలు, దిగేసరికి మనుషులూ గడియారమూ మొంబాసా పొద్దుకు అలవాటుపడి ఉంటారు. తిప్పినప్పుడల్లా వంటింటి తలుపు మీద ఒక సుద్దగీత గీస్తాడు. ఎన్ని గీతలుంటే అన్ని అరగంటలు. ఇవాళ ఒక గీత పడింది.

రేడియోలో బరబర తప్ప ఇంకేమీ లేదు. సూర్యుడి మీద మళ్లీ మచ్చలు పుట్టాయట, నడిసముద్రం మీద ఏ కబురూ పట్టదు.

గంట 19. మిగిలినది 4,000.

పడమటి తీరం దాటి చాలాసేపయింది. ఇక కింద నీళ్లే. రాత్రి భోజనం అయింది, రెండో గీత పడింది. కెప్టెన్ హార్మోనియం పెట్టె తెరిచి కీర్తనలు అందుకున్నారు. ఆయన మంచి మనిషి, ఆ హార్మోనియం మాత్రం నా ప్రాణం తీస్తుంది. అందులో రెండు మెట్లు పలకవు, ఆ రెండింటి దగ్గరకు వచ్చేసరికి ఆయన గొంతు పెంచుతారు.

నూకరత్నం గారు పెట్టె మీద చెయ్యి వేసుకుని వింటూ కూర్చుంది. కోడలంటే అంత ప్రేమా అని అడిగాను.

"ప్రేమేటి? మాకిద్దరికీ పడి సావదు," అంది నవ్వుతూ. "నాను ఏటి వొండినా వొంక పెడతాది. ఉప్మా సేస్తే సాలు, మూతి ముప్పై వొంకరలు తిప్పుతాది. పెళ్లైన తొమ్మిదేళ్లల్లో నా సేతి ఉప్మా ఒక్కనాడు ముట్టనేదు తెలుసా?"

"నేనూ ముట్టను. ఉప్మా అంటే నాకు ఒళ్లు మంట," అన్నాను.

"అయితే దానికి తోడు దొరికినావు." నవ్వు ఆగిపోయింది. "బతికొచ్చి నాతో దెబ్బలాడాలమ్మా. ఇల్లు మరీ సప్పుడు నేకుండా ఐపోనాది."

గడియారానికి కీ ఇచ్చే వేళయిందని లేచి వచ్చేశాను.

గంట 36. మిగిలినది 2,470.

మూడో గీత. పొద్దున్నుంచి మబ్బు. మధ్యాహ్నం సూర్యుడు కనబడనే లేదు, అందుకని ఇవాళ దూరం గాలి వేగాన్ని బట్టి వేసిన లెక్క. నైరుతి మూల ఆకాశం నల్లబడుతోంది. కెప్టెన్ హార్మోనియం తాళ్లతో కట్టేశారంటేనే నాకు విషయం అర్థమైంది.

గంట 43. ఎక్కడున్నామో తెలియదు.

తుఫాను. ఓడ ముక్కు ఎటు తిప్పినా గాలి ఎదురే. రాత అంతా కొక్కిరిబిక్కిరిగా వస్తోంది, చదవబోయేవాళ్లు మన్నించాలి.

కరెంటంతా మోటార్లకే కావాలి, పొయ్యికి పది నిమిషాలే ఇస్తానన్నారు కెప్టెన్. పది నిమిషాల్లో అన్నం ఎలా ఉడుకుతుంది? అసిరయ్య పళ్లెంలో ఉప్మా పట్టుకుని నా గది గుమ్మంలోకి వచ్చాడు. ఆరు గంటలుగా నిలబడి ఉన్నాను, తల పగిలిపోతోంది. ఆ పళ్లెం చూడగానే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఇదొక తిండీ, దీనికొక గంటా! నా మొహాన కొట్టడానికి ఇదే దొరికిందా? పట్టుకుపో!"

"ఈ ఊపులో సట్టి పట్టుకుని వొండినానమ్మా," అన్నాడతను. "తింతే తినండి, నేకపోతే మానీయండి. నాకేటి?" పళ్లెం తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నా ముఖం చూడలేదు.

అతను అటు వెళ్లిన కాసేపటికే ఓడ పక్కకు ఒరిగింది. బల్ల మీద చెక్కపెట్టె జారింది. నేను దూకాను గానీ అందలేదు. నా గడియారం నేల మీద పడి ఆగిపోయింది.

గంట 55. మిగిలినది 1,140, గాలి లెక్క ప్రకారం.

గాలి తగ్గి చాలాసేపయింది. తెల్లవారింది. కింద సముద్రం ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది.

రాత్రంతా గడియారం విప్పి చూశాను. స్ప్రింగు బాగానే ఉంది, దెబ్బకు ఒక పళ్లచక్రం పక్కకు తప్పుకుందంతే. సరిచేశాను, నడుస్తోంది. ఇక దానికి విశాఖ టైము పెట్టాలి. రేడియో మూగ. ఉన్నది వంటింటి గడియారం ఒక్కటే. వెళ్లి చూశాను. అసిరయ్య వీపు తిప్పుకుని గిన్నెలు తోముతున్నాడు, నేనూ పలకరించలేదు. అలిగినవాడిని బతిమాలడం నా ఒంట్లో లేదు. తలుపు మీద గీతలు మూడు. మూడు అరగంటలు, గంటన్నర. వంటింటి గడియారానికి గంటన్నర కలిపి నా గడియారానికి పెట్టుకుని వచ్చేశాను.

తుఫానులో నాలుగు గంటలు పోయాయి. గాలి లెక్క నిజమైతే అరవై ఎనిమిదో గంటకు దిగుతాం. అది వేళ్ల మీద లెక్కే అనుకోండి, అసలు సంగతి మధ్యాహ్నం సూర్యుడు చెబుతాడు. నూకరత్నం గారికి అరవై ఎనిమిది అని చెప్పాను.

"అయితే ఇంకా నాలుగున్నాయి," అందావిడ. ఎనిమిదిలోంచి నాలుగు తీసేయడం ఆవిడకు నాకంటే ముందే వచ్చేసింది.

గంట 61. మిగిలినది 1,400.

మూడుసార్లు చూశాను. సూర్యుడు నడినెత్తికి వచ్చిన క్షణం పట్టుకున్నాను, గడియారం చూశాను, లెక్క వేశాను. చెరిపి మళ్లీ వేశాను. మూడుసార్లూ ఒకటే జవాబు.

తెల్లవారి 1,140 ఉందనుకున్నది, ఆరు గంటల పైచిలుకు తొంభై చొప్పున నడిచాక 1,400 ఉంది. అంటే తుఫాను మమ్మల్ని నేననుకున్న దానికంటే ఎనిమిది వందల పైచిలుకు వెనక్కి నెట్టేసింది. పొద్దుటి అంకె తప్పు. దాని మీద అడ్డంగా గీత కొట్టేశాను.

ఈ లెక్కన దిగేది డెబ్బై ఆరున్నరకు. నాలుగున్నర గంటలు ఆలస్యం.

కెప్టెన్‌కు చెప్పాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. నూకరత్నం గారికి ఎలా చెప్పాలా అనుకుంటూ వెనక్కి తిరిగేసరికి ఆవిడ గుమ్మంలోనే ఉంది. నా మొహం చూసింది. పెట్టెను ఇంకాస్త దగ్గరకు పొదువుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఇరవై రెండేళ్లు లెక్కలు వేసి బతికాను, ఒక లెక్క తప్పు కావాలని దేవుణ్ణి వేడుకోవడం ఇదే మొదటిసారి.

"ఒక దారి ఉంది," అన్నారు కెప్టెన్. "పైన నాలుగు వేల మీటర్ల ఎత్తులో పెద్ద గాలి ఉంటుంది, మనం వెళ్లే వైపే. అది అందుకుంటే గంటకు నూట యాభై వస్తుందండీ."

"డెబ్బై ఒకటిలోపు చేరతాం," అన్నాను, నోటితోనే లెక్క కట్టి.

"కానీ అంత ఎత్తు ఎక్కాలంటే బరువంతా పారేయాలి. ఓడ తూకానికి నింపిన నీళ్లతో సహా. నీళ్లు వదిలేస్తే మళ్లీ దిగడానికి ఓడ సంచుల్లోని గ్యాసు బయటికి వదలాల్సిందే. ఒక్కసారే దిగగలం హైమావతి గారూ. కింద మబ్బుంటే ఏమీ కనబడదు. ఎక్కడ దిగాలో మీ లెక్కే చెప్పాలి."

"చెబుతాను," అన్నాను.

గంట 62. మిగిలినది 1,270.

ముందుగా జనపనార తాళ్ల చుట్టలు పోయాయి. తర్వాత మామిడి తాండ్ర పెట్టెలు. నీళ్ల మీద పడ్డ చప్పుడు కూడా పైకి వినిపించలేదు. ఆ తర్వాత కెప్టెన్ తన హార్మోనియం తనే మోసుకొచ్చారు. ఎవరూ అడగలేదు. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, దాని మీద దుమ్ము తుడిచి మరీ విసిరేశారు. అప్పుడు నాకు ఆ పలకని మెట్లు రెండూ ఎంతో ప్రియమైపోయాయి.

ఎంత బరువు పోయిందో నేను రాసుకోవాలి. కెప్టెన్ నీళ్ల ట్యాంకు చక్రం దగ్గర నిలబడ్డారు, నేను వంటిల్లు ఖాళీ అయిందని కేక వేయగానే తిప్పడానికి.

వంటింట్లో ఇత్తడి గిన్నెలు, నూనె డబ్బా, రోలు పోయాక మూల రెండు చిన్న బియ్యం సంచులు మిగిలాయి. అసిరయ్య ఆరు పూటలకు ఆరు సంచులు ఇంటి దగ్గరే కొలిచి కట్టుకొస్తాడు. నిన్నటి నుంచి మాటలు లేవు. అతనే ముందు నోరు విప్పాడు.

"ఒక సంచి ఉంచండమ్మా. ఇంక ఒక పూటే ఉంది, ఒక తిప్పే ఉంది. రెండోది పారీండి, అది ఎగస్ట్రా."

"ఎక్స్‌ట్రా ఎలా వచ్చింది?" అన్నాను, కిలోలు రాసుకుంటూ.

"నిన్న రాత్రి ఉప్మా కాదేటి? బియ్యం తియ్యనేదు. తియ్యనేదు కాబట్టి గీత గియ్యనేదు."

"సరే." ఒకటిన్నర కిలో అని రాశాను. రాసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఒక తిప్పే ఉందన్నాడు. గీతలు నాలుగే ఉన్నాయి, ఇవాళ మధ్యాహ్నం పూటతో కలిపి. నాలుగు పోతే ఇంకా రెండు తిప్పులు ఉండాలి కదా?

"అసిరయ్యా, నిన్న రాత్రి గీత గియ్యలేదు. గడియారం తిప్పావా?"

"తిప్పకుండా ఎలాగుంటానమ్మా? గంట కొట్టినాను కదా. గంట కొడితే తిప్పడమే."

"మరి గీత?"

"గీతకీ గడియారానికీ ఏటి సంబంధం?" అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "గీతలు బియ్యానికమ్మా. సంచి విప్పితే గీత. ఉప్మా బోజనమా ఏటి, గీత గియ్యడానికి?"

పుస్తకం కింద పడేసి పరిగెత్తాను. గొంతు చించుకుని అరిచాను. "కెప్టెన్ గారూ, చెయ్యి తియ్యండి! చక్రం మీదనుంచి చెయ్యి తియ్యండి!"

గంట 63. మిగిలినది 440.

పైన రాసిన 1,270 ని కొట్టేస్తున్నాను. కొట్టేస్తూ నవ్వుతున్నాను, కళ్లు తుడుచుకుంటున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా ఇవాళ ఎవరూ నన్నేమీ అనకూడదు.

జరిగింది ఇదీ. నిన్న రాత్రి వంటింటి గడియారం నాలుగోసారి అరగంట వెనక్కి తిరిగింది. గీతలు మూడే ఉన్నాయి. నేను నాలుగు అరగంటలు కలపాల్సింది మూడే కలిపాను. నా గడియారం అరగంట తక్కువ చూపించింది. నిమిషానికి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు కదా. ముప్పై నిమిషాలకు ఎనిమిది వందల నలభై. తుఫాను మమ్మల్ని ఎక్కడికీ నెట్టలేదు. ఇవాళ మధ్యాహ్నం మొంబాసాకు ఐదు వందల డెబ్బై దూరంలో ఉండి, నేను పద్నాలుగు వందలన్నాను.

కెప్టెన్ మొదట నమ్మలేదు. "ఇప్పుడొక అరగంట దొరికింది. కాసేపటికి ఇంకో అరగంట దొరికితే?" అన్నారు. ఆయన అనడంలో తప్పేమీ లేదు.

చిట్టా తెచ్చి పొద్దున నేను కొట్టేసిన అంకె చూపించాను. గీత కింద ఇంకా కనబడుతోంది, 1,140. అందులోంచి మధ్యాహ్నం దాకా నడిచిన దూరం తీసేస్తే దాదాపు ఐదు వందల డెబ్బై. గడియారంతో పని లేకుండా గాలి చెప్పినదీ, గడియారం సరిచేస్తే సూర్యుడు చెప్పినదీ ఒకటే. ఆయన రెండు అంకెలనూ వేలితో తాకి చూశారు. చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టారు.

పైకి వెళ్లి ఉంటే ఏమయ్యేదో తర్వాత లెక్క వేశాను. మూడు గంటల్లో మబ్బుల పైనుంచి మొంబాసాను దాటేసేవాళ్లం. ఇంకా సముద్రమే ఉందనుకుంటూ, చీకట్లో, లోపలి కొండల మీదకు వెళ్లి అక్కడ దిగేవాళ్లం. బియ్యం సంచి మీదే కూర్చుండిపోయాను.

ఒక్క నష్టం ఉంది. గడియారం అరగంట వెనకబడిందంటే పెట్టె వయసు కూడా అరగంట తక్కువ రాశాను. దాన్ని సరిదిద్దాక కూడా దిగేది అరవై ఎనిమిదికే. నూకరత్నం గారి ముందు మోకాళ్ల మీద కూర్చుని చెప్పాను. "పిన్నీ, నాలుగు గంటలు మిగిలే ఉన్నాయి. పొద్దున చెప్పిన నాలుగే. ఎక్కడికీ పోలేదు. నాదే తప్పు. అతన్ని ఒక్క మాట అడగాల్సింది, బిగుసుకుని కూర్చున్నాను."

ఆవిడ నా నెత్తి మీద ఒకటి మొట్టింది. గట్టిగానే మొట్టింది. తర్వాత అదే చేత్తో నా తల నిమిరింది.

అసిరయ్య దగ్గరకు వెళ్లాను. ఆరేళ్లుగా ఒకే ఓడలో తిరుగుతున్నాం. ఆ గీతలు గడియారానివని నేను, బియ్యానివని అతను. నిన్నటిదాకా పూటపూటకూ అన్నమే కాబట్టి ఇద్దరం సరిగ్గానే ఉన్నాం. "తప్పయిపోయింది అసిరయ్యా," అన్నాను.

"నా గిన్నెలన్నీ పారీసినారు. ఈ పూట దేంట్లో వొండమంటారు?" అన్నాడు. కోపం పోయిందన్నమాట.

గంట 66. మిగిలినది 170.

ఇంతసేపూ బరబరలాడిన రేడియోలోంచి మనిషి గొంతు వచ్చింది. మొంబాసా టవరు. కెప్టెన్ మా పేరు చెప్పగానే నేను లాక్కుని, ముందు విశాఖలో టైమెంతో చెప్పమన్నాను. నమస్కారం లేదు, మర్యాద లేదు. అవతలాయన నవ్వి చెప్పాడు. అరగంట ముందుకు జరిపిన నా గడియారానికీ ఆయన చెప్పిన దానికీ ఒక్క నిమిషం తేడా. ఒకే ఒక్క నిమిషం! కెప్టెన్ ప్రభువుకు స్తోత్రం చెప్పారు. నేను గడియారాన్ని ముద్దు పెట్టుకున్నాను, ఎవరూ చూడలేదనుకుంటాను.

ఆసుపత్రి బండి మైదానంలో వచ్చి కాచుకుని ఉందట. కోడలు ఎలా ఉందని అడగమంది నూకరత్నం గారు. అడిగాను. జ్వరంగా ఉందిగానీ మెలకువగా ఉందనీ, అత్తగారు ఎంతవరకు వచ్చిందని గంట గంటకూ అడుగుతోందనీ చెప్పాడు.

"అడగదా మరి," అంది నూకరత్నం గారు. ముక్కు చీదుకుని పక్కకు తిరిగింది.

గంట 68. మిగిలినది ఏమీ లేదు.

పొద్దు గుంకే వేళకు దిగాం. తాళ్లు కట్టేవాళ్లకంటే ముందు కాకులు వచ్చి ఓడ మీద వాలాయి, అచ్చం మన ఊరి బూడిద మెడ కాకులే. తలుపు తీయగానే తెల్లకోటు వేసుకున్న ఒక ఆవిడ చేతులు చాచింది. అరవై ఎనిమిది గంటలు ఎవరికీ ఇవ్వని పెట్టెను నూకరత్నం గారు ఆ చేతుల్లో పెట్టింది. పెట్టాక ఆవిడ చేతులు ఏం చేయాలో తెలియక అలాగే గాలిలో ఉండిపోయాయి. నేను పట్టుకున్నాను.

"బేగి పదవే," అని తనకు తనే చెప్పుకుని, బండి వెనక పరిగెత్తింది.

ఆ రాత్రి కెప్టెన్ హార్మోనియం లేకుండా పాడారు. ఆయన గొంతు ఇంత బాగుంటుందని ఆరేళ్లుగా నాకు తెలియదు.

మొంబాసా, పంతొమ్మిదో రోజు. విశాఖకు దూరం 5,350.

తిరుగు గాలి కోసం ఇన్నాళ్లూ ఆగాం. రెండో గడియారం రిపేరై వచ్చింది. వంటింట్లో నేనొక పలక కట్టించాను, గడియారం తిప్పిన లెక్కకు వేరే, బియ్యం లెక్కకు వేరే. ఇన్ని రోజులూ ఆసుపత్రి నుంచి ఒకటే మాట వచ్చేది, ఇంకా చెప్పలేమని. రోజూ సాయంత్రం వెళ్లి బయట గేటు దగ్గర నిలబడి వచ్చేదాన్ని.

ఇవాళ పొద్దున తాళ్లు విప్పబోతుండగా మైదానానికి అడ్డంపడి ఒక మనిషి వస్తూ కనిపించింది. చేతిలో నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. నేను నిచ్చెన దిగి ఎదురెళ్లాను. ఆవిడ ఆయాసపడుతోంది, మొహం చూస్తే ఏమీ అర్థం కాలేదు.

"అంటుకుందమ్మా," అంది నూకరత్నం గారు. "మూలుగ అంటుకుంది. నెత్తుట్లో కొత్త కణాలు పుడతన్నాయట. మూడు రోజులు వరసగా సూసి, ఇందాకే సెప్పినారు. డాక్టరమ్మే నవ్వింది."

ఆవిడను కౌగిలించుకుంటే క్యారేజీ మా ఇద్దరి మధ్యా నలిగింది. వేడిగా తగిలింది.

"ఇదేమిటి పిన్నీ?"

"పద్దెనిమిది రోజులు నోట్లో ఏటీ పెట్టనేదు కదా. నిన్న ఆకలేస్తందంది. ఏటి కావాలే అంటే ఏటందో తెలుసా?" ఆవిడ నవ్వుతోంది, కళ్ల నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఉప్మా అంది. నా సేతి ఉప్మా! రెండు సెంచాలు తిని, ఉప్పు తక్కువైందని వొంక పెట్టింది. మిగిలింది మీకు తెచ్చినాను."

వంటింట్లో నేల మీద కూర్చుని అందరం తిన్నాం. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను. ఉప్పు నిజంగానే తక్కువైంది, ఆ మాట మాత్రం అనలేదు. అసిరయ్య చేతులు కడుక్కుని, సుద్దముక్క పట్టుకుని, నావైపు తిరిగాడు.

"అమ్మా, ఇది బోజనమేనా? గీత గియ్యనా, వొద్దా?"

"గియ్యి," అన్నాను.